నూకరత్నం ఇంటికి ఏ చెక్క వెయ్యాలి

ఇళ్ళకి చెక్క నేలలు ఎంచిపెట్టడం ఒక ఉద్యోగమంటే మా బంధువుల్లో చాలామంది నమ్మేవారు కాదు. మా పెద్దమ్మ చివరిదాకా నేను కలప డిపోలో గుమాస్తాననే అనుకుంది. విశాఖపట్నంలో ఆ పని ఇరవై ఏళ్ళ పైచిలుకు చేశాను. ఇప్పుడు ఇంటీరియర్ కోర్సులు చదివి ఇందులోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మేడమ్, సముద్రం పక్క ఇంటికి ఏది మంచిది, టేకా, ఓకా?" అని అడుగుతారు. ఆ జవాబు రెండు నిమిషాల్లో చెప్పొచ్చు. అది తెలిసి కూడా నేను ఒక ఇంట్లో తప్పు చెక్క వేయించాను. ఎందుకు వేయించానో ఏ కోర్సులోనూ చెప్పరు కాబట్టి నేనే రాస్తున్నాను.

డిపోలో

మా నాన్న కృష్ణా జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చాడు. నేను ఇక్కడే పెరిగి వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ చేశాను. లెక్చరర్ ఉద్యోగం కోసం నాలుగేళ్ళు తిరిగి, అది దొరక్క, కాన్వెంట్ జంక్షన్ దగ్గర ఒక కలప డిపోలో ఉత్తరాలు టైపు చేసే పనికి చేరాను. యజమాని రాజు గారిది పశ్చిమ గోదావరి. ఒకరోజు ఓడ నుంచి దిగిన దుంగలు డిపోకి వచ్చాయి. కాగితాల్లో అన్నీ ఒకే జాతి అని ఉంది. నేను కాలేజీ రోజుల భూతద్దం బ్యాగులోంచి తీసి కోసిన చివరలు చూశాను. అందులో రెండు రకాలు ఉన్నాయి.

"ఎలా చెప్పావమ్మా?" అన్నారు రాజు గారు.

"ఈ సన్న రంధ్రాలు చూడండి. దీంట్లో వలయంలా ఉన్నాయి, దాంట్లో చెదిరి ఉన్నాయి."

ఆయన కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు. తర్వాత మరో పది ముక్కలు తెప్పించి నా ముందు పెట్టారు. ఆ నెల తర్వాత నేను టైపు మిషన్ ముందు పెద్దగా కూర్చోలేదు.

తొంభైల మధ్యకి వచ్చేసరికి బీచ్ రోడ్డు పొడవునా అపార్టుమెంట్లు లేచాయి. విదేశాలు చూసొచ్చినవాళ్ళు, ఓడల్లో పని చేసేవాళ్ళు హాల్లోనో పడకగదిలోనో చెక్క నేల కావాలని అడగడం మొదలుపెట్టారు. రాజు గారు ద్వారకా నగర్‌లో చిన్న షోరూమ్ తెరిచారు. నా పని: సాంపిల్ ముక్కలు పట్టుకుని ఇంటికి వెళ్ళడం, తేమ మీటరుతో నేలనీ గోడలనీ చూడడం, ఏ చెక్క సరిపోతుందో చెప్పడం, అది పూర్తిగా వేసేదాకా మేస్త్రీ పక్కన నిలబడడం. మేస్త్రీ పేరు అప్పలస్వామి. రంద పట్టుకుంటే అతని చేతిలో చెక్క ఉల్లిపొరలా వచ్చేది.

ఈ పనిలో ఒంటరితనం ఉంటుంది. ఎవరూ చెప్పరు గనుక నేను చెబుతున్నాను. మనం వెళ్ళేసరికి ఆ ఇంట్లో ఎవరూ ఉండరు. వాచ్‌మన్ తాళం తీసి వెళ్ళిపోతాడు. రంగు వాసన, ఖాళీ గదులు, మన అడుగుల చప్పుడు. ఇంటివాళ్ళు సామాన్లతో దిగేసరికి మన పని అయిపోతుంది. ఆడమనిషి అయితే ఇంకొకటి. ఇంటాయన ప్రశ్న మేస్త్రీని అడుగుతాడు. మేస్త్రీ నా వైపు చూస్తాడు. నేను జవాబు చెబుతాను. ఇంటాయన రెండో ప్రశ్న కూడా మేస్త్రీనే అడుగుతాడు. అలా ఎన్నేళ్ళో. అమ్మ పోయాక మహారాణిపేటలో రెండు గదుల అద్దె వాటాలో ఒక్కదాన్నే ఉండేదాన్ని. ఈరోజు ఫలానా ఇంట్లో మంచి టేకు పడిందని చెప్పుకోవడానికి మనిషి లేడు.

చెక్క గురించి నాలుగు మాటలు

అసలు సలహా ఇక్కడే ఇచ్చేస్తాను. చెట్టు చచ్చిపోయాక కూడా చెక్క తేమ పీల్చుకుంటుంది, వదులుతుంది. వానల్లో అడ్డంగా పెరుగుతుంది, చలికాలంలో తగ్గుతుంది. కొన్ని జాతులు కొంచెం, కొన్ని చాలా. మన ఊరి గాలిలో ఉప్పూ తేమా ఏడాది పొడవునా ఉంటాయి కాబట్టి ఇక్కడ అందం రెండో సంగతి. బాగా ముదిరిన టేకు తక్కువ కదులుతుంది, దానిలో సహజంగా నూనె ఉంటుంది. మలేషియా వైపు నుంచి వచ్చే మెర్బావ్ ఎర్రగా, గట్టిగా ఉంటుంది. మంచిదే, కానీ తడి తగిలితే మొదట్లో రంగు కారి గోడ అంచులు పాడుచేస్తుంది. ఓక్ మధ్యరకం. మేపుల్ తెల్లగా ముచ్చటగా ఉంటుంది, సముద్రం కనిపించే కిటికీ దగ్గర నేను వెయ్యను. అన్నిటికంటే ఎక్కువ కదిలేది ఐరోపా నుంచి వచ్చే బీచ్. లేత గులాబీ రంగులో, సన్నటి చుక్కలతో పెళ్ళికూతురిలా ఉంటుంది. వానాకాలంలో దాని అసలు గుణం బయటపడుతుంది.

ఆ పేరుతో మా షోరూమ్‌లో ఒక తమాషా నడిచేది. బీచ్ చెక్క అంటే బీచ్ పక్కన ఇళ్ళకోసం తయారైందని జనం అనుకునేవారు. రాజు గారు కాదనేవారు కాదు. నేనూ చాలాసార్లు నవ్వి ఊరుకున్నాను.

చెక్కని ఎంచేముందు ఇంట్లో అడగవలసినవి: గాలి ఎటునుంచి వస్తుంది, నేల ఎవరు తుడుస్తారు, ఎన్ని నీళ్ళతో తుడుస్తారు. బకెట్టు దిమ్మరించి కడిగే అలవాటున్న ఇంటికి చెక్క వద్దని మొహం మీద చెప్పండి. పలకలు కట్టలు విప్పి అదే గదిలో రెండు వారాలు ఉంచండి. గోడ వెంబడి వేలు దూరేంత సందు వదలండి. చెక్క పెరిగితే ఎటో అటు వెళ్ళాలి కదా. అంతే. మిగతాది అనుభవం.

మూడో అంతస్తు

ఒక అక్టోబరులో రాజు గారు లాసన్స్ బే కాలనీలో చిరునామా ఇచ్చి పంపారు. మూడో అంతస్తు, సముద్రం వైపు. తలుపు తీసినావిడకి నలభై లోపే ఉంటాయి. సన్నగా, నల్లగా, మెరిసే కళ్ళు. ఖరీదైన చీర కట్టుకుంది గాని చెప్పులు లేకుండా చల్లటి మొజాయిక్ మీద నిలబడి ఉంది.

"సెక్కల మేడమ్ గారా? రండి. నాను నూకరత్నం."

భర్త ఎల్లాజీ విదేశీ ఓడలో బోసన్. అంటే డెక్కు మీద పనివాళ్ళకి పెద్ద. ఇద్దరూ కింద కనిపిస్తున్న జాలరిపేటలోనే పుట్టారు. అతను తెప్ప మీద మొదలుపెట్టి ఓడ ఎక్కి, పదిహేనేళ్ళు పని చేసి ఈ ఫ్లాటు కొన్నాడు. ఏడాదిలో తొమ్మిది నెలలు నీటి మీదే. కెప్టెన్ గదిలో చెక్క నేల చూశాడు. ఏప్రిల్లో తను వచ్చేసరికి తమ హాల్లోనూ అలాంటిది ఉండాలని ఫోన్లో చెప్పాడు. పిల్లలు లేరు.

ఐదు ముక్కలు వరసగా పేర్చి ఒక్కోటీ వివరించాను. ఆవిడ ప్రతి ముక్కనీ వాసన చూసింది, గోటితో గీసింది, చెవి దగ్గర పెట్టుకుని వేలితో కొట్టింది.

"ఇప్పుడే సెప్పాలేటి?"

"అక్కర్లేదు. ఆలోచించుకోండి."

"అయితే ఈటిని ఉంచెయ్యండి. మల్లీ వారం రండి."

మళ్ళీ వారం వెళ్ళేసరికి ముక్కలన్నీ బాల్కనీ గోడ మీద ఉన్నాయి. ఒక్కోదానికి నడుం చుట్టూ వల అల్లే దారం కట్టి ఉంది.

"మా నాన్న తెప్ప కట్టించేటప్పుడు ఇలగే సూసేవోడు" అంది. "కట్టినప్పుడు అన్నిటికీ ఒకేలా వొదులుగా కట్టాను. ఇప్పుడు లాగి సూడండి."

టేకు చుట్టూ దారం జారుతోంది. ఓక్ మీద కాస్త పట్టింది. బీచ్ మీద దారం కదల్లేదు. చెక్కలోకి దిగిపోయి సన్నటి గీత పడింది. నా మీటరు చెప్పే సంగతిని ఆవిడ మూర దారంతో చెప్పింది. నాకు ఒళ్ళు పులకరించింది. పదేళ్ళలో ఏ ఇంట్లోనైనా నాతో చెక్క గురించి మాట్లాడిన మొదటి మనిషి ఆమె. మిగతావాళ్ళందరూ ధర గురించో రంగు గురించో మాట్లాడారు.

ఆ రోజే ఆమె ఎంచుకోవలసింది. ఎంచుకోలేదు. "మెర్బావు పెద్ద ముక్క ఉంటే తెత్తారేటి? సిన్నదాన్లో తెలీట్లేదు" అంది. తీసుకెళ్ళాను. తర్వాత మేపుల్‌కి వేరే పాలిష్ చూడాలంది. ఆ తర్వాత కిటికీ దగ్గర ఎండ పడ్డప్పుడు ఓక్ ఎలా ఉంటుందో చూడాలంది. మధ్యాహ్నం మూడింటికి ఎండ అక్కడికి వచ్చేదాకా ఇద్దరం కూర్చున్నాం. టీ ఇచ్చేది. ఒకరోజు సొరచేప తురుముతో పుట్టు వండి పెట్టింది. మాది చేపలు తినే ఇల్లు కాదు. తిన్నాను. మూడోసారి వెళ్ళేసరికి నన్ను అప్పా అని పిలవడం మొదలుపెట్టింది. వాళ్ళ వైపు అప్ప అంటే అక్క.

"ఆ నీలం రేకుల పక్క ఇల్లు కనిపిత్తందా? అదే మా అమ్మోళ్ళిల్లు" అని ఒకరోజు బాల్కనీలోంచి చూపించింది.

"ఇంత దగ్గరా! రోజూ వెళ్ళొచ్చుగా?"

"ఎల్తే అందరూ కుర్చీ ఏసి కూకోబెడతన్నారప్పా. నా సెల్లి కూడా. ఒకప్పుడు ఆ ఇసకలో ఆళ్ళతో కలిసి సేపలు ఏరినదాన్ని. ఇప్పుడు నా సీర కేసి సూసి మాట ఆపేత్తారు."

"వాళ్ళని ఇక్కడికి రమ్మను."

చెల్లెలు ఒకసారి చేపల తట్టతో వచ్చిందట. వాచ్‌మన్ లిఫ్టు ఎక్కనివ్వకుండా వెనక మెట్ల మీదుగా పంపాడు. మర్నాడు అసోసియేషన్ సెక్రటరీ వచ్చి, మెట్లంతా నీచు వాసన వస్తోందని మర్యాదగానే చెప్పి వెళ్ళాడు. ఆ తర్వాత పేట నుంచి ఎవరూ పైకి రాలేదు. ఆ అంతస్తులో ఉన్నవాళ్ళూ ఆమె తలుపు కొట్టలేదు.

"మా ఆయన పోర్టు దొరికినప్పుడు ఫోన్ సేత్తాడు. పది నిమిషాలు. మిగతా అంతా ఆ సముద్రమే. సిన్నప్పుడు అది మా ఇంటి ముందర ఉండేది. ఇక్కడ నుంచి సూత్తే ఎవరిదో అనిపిత్తాది."

నేను షోరూమ్ రిజిస్టర్లో ప్రతిసారీ 'కస్టమర్ ఇంకా నిర్ణయించుకోలేదు' అని రాసేదాన్ని. నిజం చెప్పాలంటే, ఆ ఇంటికి వెళ్ళే గురువారం వచ్చిందంటే నాకూ పొద్దుటినుంచి హుషారుగా ఉండేది. కస్టమర్ని తొందరపెట్టకపోవడం మంచి పద్ధతి అని నాకు నేను చెప్పుకున్నాను.

నేను చేసిన పని

జనవరిలో రాజు గారు రిజిస్టరు ముందు పెట్టుకుని నన్ను పిలిచారు. ఆయన చెడ్డవారు కాదు. నా చదువుకి మొదట గౌరవం ఇచ్చింది ఆయనే. కానీ ఆ ఏడాది రెండు పెద్ద ఆర్డర్లు తప్పిపోయి, కంటైనర్ నిండా బీచ్ డిపోలో కూర్చుని ఉంది.

"ఏంటమ్మా భారతీ ఇది? ఒక్క హాలుకి తొమ్మిది సార్లు వెళ్ళావు."

"ఆవిడ ఇంకా తేల్చుకోలేదండి."

"ఆవిడ తేల్చుకోదు. నువ్వెళ్ళి కబుర్లు చెప్పుకుంటున్నావని అప్పలస్వామి కూడా నవ్వుతున్నాడు. నువ్వు కూడా అందరిలాగే అయిపోతే ఎలాగమ్మా? రేపెళ్ళి బీచ్ ఖాయం చేసుకురా. లేదంటే ఆ ఇల్లు వదిలెయ్."

అందరిలాగే అంటే ఏమిటో నాకు అర్థమైంది. ఆడవాళ్ళలాగే అని. పదేళ్ళు ఆ మాట పడకుండా ఉండడానికే బతికాను. మొహం మండిపోయింది. ఆ మంట మీద మర్నాడు లాసన్స్ బే వెళ్ళాను. టీ వద్దన్నాను. కూర్చోలేదు కూడా.

"రత్నం గారూ, ఈరోజు తేల్చెయ్యాలి. మాకు వేరే సైట్లు ఉన్నాయి."

ఆమె నా మొహంలోకి చూసింది. 'గారూ' అని నేను మానేసి రెండు నెలలైంది.

"నువ్వేది మంచిదంటే అదెయ్యప్పా."

"బీచ్ వేద్దాం. హాలు వెలుగ్గా ఉంటుంది."

"అది ఉబ్బింది కదా?"

"ఆ ముక్కకి పాలిష్ లేదు. పైన మూడు పూతలు వేస్తే ఏమీ కాదు."

ఇది అబద్ధం. పూత తేమని ఆలస్యం చేస్తుంది, ఆపదు. కింది వైపునుంచి ఎలాగూ ఎక్కుతుంది. ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం పిల్లకి తెలిసిన సంగతి. ఆమె తల ఊపింది. "సరే అప్పా" అంది.

ఫిబ్రవరిలో వేశాం. గాలి పొడిగా ఉండే నెల. అప్పలస్వామి మొదటి వరస బిగిస్తూ, "బారతమ్మా, ఇది ఇప్పుడు నిద్దరోతంది. వానల్లో లెగుత్తాది. సందు ఇంకొంచెం ఎక్కువ వొదులుదునా?" అన్నాడు. వదలమన్నాను. అది సరిపోదని ఇద్దరికీ తెలుసు. ఐదు రోజుల్లో పని అయిపోయింది. హాలు నిజంగానే వెలిగిపోయింది. రత్నం తలుపు దగ్గర నిలబడి, "మల్లీ ఎప్పుడొత్తావు?" అని అడిగింది.

"ఏదైనా సమస్య ఉంటే ఫోన్ చెయ్యండి" అన్నాను. మేం ప్రతి ఇంట్లో చెప్పే మాట అది.

ఏప్రిల్లో ఎల్లాజీ వచ్చి నేల చూసి సంబరపడి షోరూమ్‌కి ఫోన్ చేసి మెచ్చుకున్నాడు. జూన్లో ఓడ ఎక్కాడు. ఆ వారమే వానలు దిగాయి. నేను గురువారాలు మధురవాడ వైపు సైట్లకి పెట్టించుకున్నాను. ఆమెకి ఒకసారి ఫోన్ చేద్దామని రిసీవర్ ఎత్తాను. బీచ్ ఎలా ఉందని అడగవలసి వస్తుందని పెట్టేశాను.

సెప్టెంబరు

అప్పలస్వామి భార్య, రత్నం చెల్లెలి దగ్గరే చేపలు కొంటుంది. సెప్టెంబరు చివర్లో ఒకరోజు అతను పని మధ్యలో రంద పక్కన పెట్టి చెప్పాడు: "ఆ బోసనోరింట్లో నేల పడవ ఈపులాగ లేసిపోనాదంట. మీకు సెప్పొద్దందంట ఆయమ్మ."

ఆ మధ్యాహ్నమే వెళ్ళాను. రత్నం తలుపు తీసి, పక్కకి జరిగింది. కుడి కాలి బొటనవేలికి గుడ్డ కట్టు ఉంది.

హాలు మధ్యలో పలకలు గోడ నుంచి గోడకి తన్నుకుని జానెడెత్తు పైకి లేచాయి. మిగతా చోట్ల అంచులు పైకి తేలి ప్రతి పలకా కాలువలా గుంటపడింది. సోఫా ఒక మూలకి నెట్టి ఉంది. ఆమె హాలు వాడడం మానేసి వంటింట్లో చాప వేసుకుని కూర్చుంటోంది.

"ఎప్పటినుంచి?"

"జులై."

"కాలికేమైంది?"

"తట్టుకున్నాను. గోరు పోయింది. వత్తాదిలే."

"నాకెందుకు చెప్పలేదు రత్నం?"

ఆమె వంటింటి గడప మీద కూర్చుంది. నేను కూడా కింద కూర్చున్నాను.

"సెప్తే మీ రాజు గారికి తెలుత్తాది. నువ్వు సేసిన పని తప్పంటారు. నీ ఉజ్జోగం పోద్దేమోనని ఊరుకున్నాను. మా ఆయన డిసెంబరులో వత్తన్నాడు, ఈలోపల ఎండలొచ్చేత్తే అదే దిగుద్దేమో అనుకున్నాను."

తేలిన పలక అంచు మీద వేలు పెట్టి అన్నాను: "ఇది ఉబ్బుతుందని నాకు తెలుసు. వేసేముందే తెలుసు."

"నాకూ తెలుసప్పా. ఆ రోజు నువ్వు నిలబడే మాటాడేవు సూడు, అప్పుడే తెలిసింది. నాను టేకు అని రెండోసారి వచ్చినప్పుడే అనేసుకున్నాను. దారం లాగినాక ఇంకేటుంది అనుకోడానికి? అనేత్తే నువ్వు రావు కదా."

మూడు నెలలు ఆ ఇంటికి ఎండ పడే వేళ చూసి, పాలిష్ రంగులు చూసి, పెద్ద ముక్కలు మోసుకెళ్ళి, ఎదురుగా కూర్చున్న మనిషి ఏం ఎంచుకుందో నాకు తెలియలేదు. లేదా తెలిసీ రిజిస్టర్లో వేరేగా రాశాను. నేను ఆ గడప పక్కన ఏడ్చాను. ఆమె ఏడవలేదు. నా వీపు మీద చెయ్యి వేసి, "లెగప్పా, టీ పెడతాను" అంది.

రాజు గారు

మా పనిలో నేల పాడైతే చెప్పడానికి ఒక వాక్యం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది: 'ఇంటివాళ్ళు నీళ్ళు పోసి తుడిచారు.' రాజు గారు కూడా అదే అన్నారు. ఆవిడ కడిగి ఉంటుంది, రాసెయ్, అన్నారు.

"ఆవిడ తడిగుడ్డ కూడా వెయ్యలేదండి. తప్పు చెక్క అని తెలిసి నేనే వేయించాను. అలాగే రాశాను" అని కాగితం ఇచ్చాను.

ఆయన అది రెండుసార్లు చదివారు. కోపంతో కాగితం మడత పెట్టారు గానీ చింపలేదు. "నువ్వు రాసింది నా మీద కూడా వస్తుందని తెలుసా?" అన్నారు. తెలుసన్నాను. డిపోలోని పాత టేకుతో తిరిగి వేయమన్నారు. నన్ను మాత్రం షోరూమ్ నుంచి డిపోకి మార్చారు. తర్వాత ఏడాది దాకా పని మాట తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. అది నాకు దెబ్బే. అయినా ఒకటి చెప్పాలి: అప్పటినుంచి ఆయన షోరూమ్‌లో బీచ్ సాంపిల్ పక్కన 'సముద్రతీరానికి పనికిరాదు' అని చీటీ అతికించారు. కొన్ని ఆర్డర్లు పోయాయి. చీటీ తియ్యలేదు.

మీ వల్లా ఎప్పుడో తప్పు జరుగుతుంది. జరిగినప్పుడు నీళ్ళ మీదకి నెట్టకండి. నెట్టినవాళ్ళు ఆ తర్వాత చెక్కని చూడడం మానేస్తారు, నేను చూశాను.

మూడు రోజులు

టేకు పలకలు తనే ఏరుకుంటానంది రత్నం. నవంబరులో మూడు రోజులు ఆటోలో డిపోకి వచ్చింది. చీర బొడ్లో దోపి, చెప్పులు విప్పి, పలకల కట్టల మధ్య నాతో కూర్చుంది. నేను భూతద్దంతో చూసినవాటిని ఆమె వేలితో కొట్టి విని, మంచివి కుడివైపు, కానివి ఎడమవైపు పెట్టింది. అప్పలస్వామితో వాళ్ళ యాసలో గట్టిగా పోట్లాడింది, గట్టిగా నవ్వింది. ఆ ఫ్లాటులో ఆమె నవ్వు అంత పెద్దగా ఎప్పుడూ వినలేదు. మూడో రోజు తలలో రంపపు పొట్టుతో, "ఇలగ రోజూ ఉంటే ఎంత బాగుణ్ణు" అంది. నా ఇన్నేళ్ళ ఉద్యోగంలో పక్కన మనిషి ఉన్నట్టు అనిపించినవి ఆ మూడు రోజులే.

టేకు వేశాం. ఎల్లాజీ డిసెంబరులో వచ్చాడు. రంగు మారిందేమని అడిగితే, తనకే ఇది నచ్చిందని చెప్పిందట. ఆ నేల మరుసటి వానల్లో వెంట్రుకంత కూడా కదల్లేదు. ఈసారి నేను గురువారాలు వెళ్ళాను. ఒక్కోసారి మాట్లాడుకోకుండా సముద్రం చూస్తూ కూర్చునేవాళ్ళం.

ఆ తర్వాతి ఏడాది ఎల్లాజీకి నడుం పట్టేసి ఓడ పని మానవలసి వచ్చింది. గుజరాత్‌లో ఒక రేవులో ఒడ్డు మీద ఉద్యోగం దొరికింది. భర్త ఇక రోజూ ఇంటికి వస్తాడని రత్నం సంతోషించింది. ఫ్లాటు అమ్మేశారు. అప్పటికి రాజు గారు నన్ను మళ్ళీ సైట్లకి పంపుతున్నారు. వాళ్ళు వెళ్ళే రోజు నేను అచ్యుతాపురం సైటులో ఇరుక్కుని స్టేషన్‌కి చేరేసరికి రైలు కదిలిపోయింది. రాజు గారు వద్దన్నా ముందే బయల్దేరి ఉండవలసింది. ఇదీ రాసుకోండి: సైటు ఒక పూట ఆగుతుంది.

ఫ్లాటు కొన్నవాళ్ళు రెండేళ్ళకే ఆ చెక్క పీకించి తెల్లటి టైల్స్ వేయించుకున్నారని అప్పలస్వామి చెప్పాడు. పీకినప్పుడు పలకలు ఎలా ఉన్నాయని అడిగాను. "ఏసిన్నాటిలాగే ఉన్నాయమ్మా" అన్నాడు.

రత్నం మొదట్లో ఆదివారాలు ఫోన్ చేసేది. అక్కడ తెలుగువాళ్ళు తక్కువ, మాట తెలియదు, భర్త షిఫ్టుల మీద ఉంటాడు. ఒక ఆదివారం చాలాసేపు ఏవో చెప్పి, కాస్త ఆగి అంది:

"అప్పా, ఇక్కడ మాకిచ్చిన కోటర్సులో నేల ఉత్త సిమెంటు. దీని మీద ఏ సెక్క బాగుంటాదంటావు?"

అది కంపెనీ క్వార్టర్సు. మేకు కొట్టడానికి కూడా అనుమతి కావాలి. ఆ సంగతి ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు.

"కిటికీ ఎటువైపుందే?" అని అడిగాను. "గాలి ఎటునుంచి వస్తుంది?"

"ఉండు, సూసొత్తాను" అని ఫోన్ పక్కన పెట్టింది. ఆమె లేచి గదిలో నడుస్తున్న చప్పుడు నాకు వినిపించింది. నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను.